కీళ్లవాతం ఉన్నవాళ్లు వీడియోలో డాక్టరుకి చూపించుకోవడం ఎలా

కీళ్లవాతం చూసే డాక్టర్లు, అంటే రుమటాలజిస్టులు, ఎక్కువగా ఉండేది హైదరాబాదు, విజయవాడ, విశాఖ లాంటి పెద్ద ఊళ్లలోనే. మార్కాపురంలోనో, ఆసిఫాబాద్‌లోనో, పాలకొండలోనో ఉండే మనిషి రెండు మూడు నెలలకోసారి అక్కడికి వెళ్లి రావాలంటే గంటల తరబడి బస్సులో కూర్చోవాలి, కదలకుండా కూర్చుంటే కీళ్లు బిగుసుకుపోయే జబ్బు కాబట్టి దిగేసరికి నడవలేని పరిస్థితి, పక్కన ఇంకొకరు తోడు రావాలి, వాళ్ల కూలో సెలవో పోతుంది, తీరా వెళ్తే డాక్టరు గారు రిపోర్టులు చూసి "బాగానే ఉందమ్మా, అవే మందులు వాడండి" అని ఐదు నిమిషాల్లో పంపేస్తారు. ఇలాంటి విజిట్లకి వీడియో కాల్ హాయిగా సరిపోతుంది. అన్ని విజిట్లకీ సరిపోదు. ఏది దేనికో తెలుసుకోవడం, డాక్టరు చేత్తో ముట్టుకుని చూసేదాన్ని మనం ఇంట్లోనే ముందుగా చూసి రాసి పెట్టుకోవడం, ఈ రెండూ వస్తే మిగతాది ఫోను పని. మా అమ్మకి రుమటాయిడ్ ఆర్థరైటిస్ (ఒంట్లోని రోగనిరోధక శక్తి సొంత కీళ్ల మీదే దాడి చేసే కీళ్లవాతం), కొన్నేళ్లుగా సగం విజిట్లు ఫోన్లోనే నడుస్తున్నాయి కాబట్టి ఇది రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు, డోసుల విషయంలో మీ డాక్టరు మాటే మాట.

బస్సెక్కి వెళ్లి తీరాల్సినవి

మొదటిసారి జబ్బు పేరు తేల్చుకోవడం ఎదురుగానే జరగాలి. రుమటాలజిస్టు మీ వేళ్ల కణుపుల మీద బొటనవేళ్లతో నొక్కి చూస్తారు, అక్కడ తగిలేది తడి స్పాంజిలా మెత్తటి వాపా, గట్టి ఎముక బొడిపా అన్నదాన్ని బట్టే అది రుమటాయిడా, వయసుతో వచ్చే కీళ్ల అరుగుదలా అన్నది చాలావరకు అర్థమైపోతుంది. కెమెరాలో రెండూ లావుగానే కనిపిస్తాయి. యూరప్‌లో రుమటాలజిస్టుల సంఘం యూలార్ 2022లో ఇచ్చిన సూచనలు కూడా ఇదే చెప్తాయి: జబ్బు నిర్ధారణ, మెథోట్రెక్సేట్ లాంటి, జబ్బునే అదుపు చేసే అసలు మందులు మొదలుపెట్టాలన్న నిర్ణయం ఎదురుగా ఉన్నప్పుడే, ఆ తర్వాత మందులు పెంచడం తగ్గించడం, ఎలా ఉందో గమనించుకోవడం దూరం నుంచి చేయొచ్చు అని.

మన దగ్గర ఇంకో తిరకాసు ఉంది, చికున్‌గున్యా. 2006లో ఊళ్లకు ఊళ్లు మంచాన పడ్డాయి, గుర్తుండే ఉంటుంది. జ్వరం తగ్గినా కీళ్లనొప్పులు నెలల తరబడి వదలవు, పైగా అచ్చం రుమటాయిడ్‌లాగే రెండు చేతులకీ వస్తాయి. ఈలోపు ఎవరో చెప్పారని ల్యాబ్‌కి వెళ్లి ఆర్‌ఏ ఫ్యాక్టర్ అనే రక్తపరీక్ష చేయించుకుంటారు, పాజిటివ్ వస్తుంది, ఇక ఇంట్లో ఏడుపులు. ఆర్‌ఏ ఫ్యాక్టర్ ఏ జబ్బూ లేని పెద్ద వయసువాళ్లలో కూడా పాజిటివ్ రావచ్చు, టీబీలో రావచ్చు, హెపటైటిస్-సీలో రావచ్చు. ఆ ఒక్క కాగితం ముక్క వాట్సాప్‌లో పంపి "నాకు కీళ్లవాతమేనా డాక్టర్" అని అడిగితే ఏ మంచి డాక్టరూ అవునని చెప్పరు. చెప్పారంటే వేరే డాక్టర్ని చూసుకోండి.

ఇక కొన్ని లక్షణాలుంటే వీడియో అపాయింట్‌మెంట్ కోసం చూడనే కూడదు, దగ్గర్లో ఉన్న పెద్దాసుపత్రికి అదే రోజు వెళ్లాలి. ఒక్క కీలు ఉన్నట్టుండి వాచి, ఎర్రబడి, ముట్టుకుంటే కాలిపోతూ, జ్వరం కూడా ఉంటే కీలు లోపల చీము పట్టి ఉండొచ్చు. మెథోట్రెక్సేట్ వాడుతున్నవాళ్లకి నోరంతా పుండ్లు, జ్వరం, ఒంటి మీద కమిలిన మచ్చలు కనిపిస్తే రక్తకణాలు పడిపోతున్నాయేమో అని అనుమానించాలి. నడుము జబ్బు ఉన్నవాళ్లకి కాళ్లు మొద్దుబారి, మూత్రం మీద అదుపు తప్పితే అది ఆగే విషయం కాదు. ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్ (నడుము, వెన్ను బిగుసుకుపోయే కీళ్లవాతం) ఉన్నవాళ్లకి కన్ను ఎర్రబడి, నొప్పిగా ఉండి, వెలుతురు చూడలేకపోతే కంటి డాక్టరు దగ్గరికి, అదీ వెంటనే. మందుల షాపులో చుక్కలు కొనుక్కుని వేసుకుంటూ కూర్చోవద్దు. యాభై దాటినవాళ్లకి కొత్తగా కణతల దగ్గర తలనొప్పి, నమిలితే దవడ నొప్పి, చూపు మసకబారడం ఉన్నా అంతే తొందర. ఆయాసం, ఛాతీ నొప్పి సంగతి వేరే చెప్పక్కర్లేదు.

లూపస్ (రోగనిరోధక శక్తి కీళ్లు, చర్మం, కిడ్నీల లాంటి సొంత అవయవాల మీదే దాడి చేసే జబ్బు) ఉన్న అమ్మాయిలకి ఒక మాట. మొహం, కాళ్లు ఉబ్బడం, మూత్రంలో నురగ రావడం చూస్తే కిడ్నీల గురించి ఆలోచించాలి. నొప్పేమీ ఉండదు కాబట్టే జనం దీన్ని పట్టించుకోరు.

రూల్స్ ఏం చెప్తున్నాయి, క్లుప్తంగా

మన దేశంలో టెలిమెడిసిన్‌కి, అంటే ఫోన్లో, వీడియోలో చేసే వైద్యానికి, రాతపూర్వకంగా నిబంధనలు వచ్చింది 2020 మార్చి 25న, సరిగ్గా లాక్‌డౌన్ మొదలైన రోజుల్లో. వాటిలో మనకి పనికొచ్చేవి కొన్నే. అదే డాక్టరుకి అదే జబ్బుకి గత 6 నెలల్లో ఎదురుగా చూపించుకుని ఉంటే మీ కాల్‌ని ఫాలో-అప్‌గా లెక్కేస్తారు, అప్పుడు పాత మందులు కొనసాగించడానికి, వాటికి తోడుగా ఇంకొకటి కలపడానికి డాక్టరుకి వీలు ఎక్కువ. అందుకే మేము ఆర్నెల్లు దాటకుండా ఒకసారి మనిషిని తీసుకెళ్లి చూపిస్తాం. మత్తుమందుల చట్టం (ఎన్‌డీపీఎస్) కిందికొచ్చే మందులు వీడియోలో రాయకూడదు. నొప్పికి చాలామంది వాడే ట్రమడాల్ 2018 నుంచి ఆ చట్టం కిందే ఉంది, కాబట్టి "అది ఒక్కటి రాసివ్వండి సార్" అని డాక్టర్ని బతిమాలడం వల్ల ఉపయోగం లేదు. మందుల చీటీ మీద డాక్టరు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, సంతకం ఉండాలి, ఉత్త వాట్సాప్ మెసేజీలో టైపు చేసిన మందు పేరు చీటీ కాదు. కొత్త డాక్టరైతే ఆ నంబరు జాతీయ మెడికల్ కమిషన్ వెబ్‌సైటులోని రిజిస్టర్‌లో వెతికి చూసుకోండి, "కీళ్లనొప్పులు నెలలో మాయం, ఆన్‌లైన్ వైద్యం" అనే ప్రకటనలు రోజుకొకటి కనిపిస్తున్నాయి కదా, వాటిని వడకట్టడానికి ఇంతకంటే సులువైన దారి లేదు.

కాల్‌కి వారం ముందు: రక్తపరీక్షలు

రిపోర్టులు లేకుండా చేసిన కాల్ దండగ, డాక్టరు "టెస్టులు చేయించి మళ్లీ కాల్ చేయండి" అంటారు, మళ్లీ ఫీజు. కిందటి చీటీలో ఏమేం రాశారో చూసి వారం ముందే చేయించేయండి. మామూలుగా ఉండేవి రక్తకణాలకి సీబీపీ, లివర్‌కి ఎస్‌జీపీటీ, కిడ్నీలకి క్రియాటినిన్, ఒంట్లో వాపు ఎంతుందో చూడటానికి ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ. మెథోట్రెక్సేట్ వేసుకున్న ఒకటి రెండు రోజులు లివర్ ఎంజైములు కాస్త పెరిగి కనిపించొచ్చు, కాబట్టి వచ్చే డోసుకి ముందు రోజో రెండు రోజుల ముందో రక్తం ఇవ్వడం మంచిది, లేకపోతే ఊరికే టెన్షన్.

ప్రతిసారీ ఒకే ల్యాబ్‌లో చేయించండి. సీఆర్‌పీని కొన్ని ల్యాబ్‌లు లీటరుకి మిల్లీగ్రాముల్లో, కొన్ని డెసిలీటరుకి మిల్లీగ్రాముల్లో ఇస్తాయి, రెండిటికీ పది రెట్లు తేడా. ఒక చోట 1.2 అని, ఇంకో చోట 12 అని వస్తే రెండూ ఒకటే కావచ్చు. అది గమనించక జబ్బు ఒక్కసారిగా ముదిరిందని ఇల్లంతా కంగారు పడటం ఖాయం. రిపోర్టు పీడీఎఫ్‌గానే అడిగి తీసుకోండి, మడతలు పడ్డ కాగితాన్ని ట్యూబ్‌లైటు కింద ఫోటో తీస్తే అంకె ఆరో ఎనిమిదో అవతలివాళ్లకి తెలియదు. ఫైలు పేరులో తేదీ పెట్టండి.

గౌట్ (యూరిక్ యాసిడ్ పేరుకుని వచ్చే కీళ్లజబ్బు) ఉన్నవాళ్లు యూరిక్ యాసిడ్ చేయించాలి, డెసిలీటరుకి 6 మిల్లీగ్రాముల కంటే తక్కువకి తేవడమే మందుల లక్ష్యం. బొటనవేలు మండిపోతున్న రోజుల్లోనే చేయిస్తే అంకె మామూలుగా వచ్చి తప్పుదోవ పట్టించొచ్చు, వాపు తగ్గాక కొన్ని వారాలకి మళ్లీ చూసుకోవాలి. లూపస్ వాళ్లు మూత్రపరీక్ష, ఇంట్లో బీపీ మిషన్‌తో కొన్నాళ్ల బీపీ అంకెలు కూడా రాసుకుని ఉంచుకోవాలి.

మందుల జాబితా, దాచకుండా

చీటీలో ఉన్నది కాదు, ఇంట్లో నిజంగా వేసుకుంటున్నది రాయండి. స్ట్రిప్పులన్నీ మంచం మీద పరిచి ముందువైపు ఒక ఫోటో, వెనకవైపు మందు పేరు మిల్లీగ్రాములు కనిపించేలా ఇంకో ఫోటో తీస్తే చాలు, దీనికి చదువు కూడా అక్కర్లేదు.

మెథోట్రెక్సేట్ దగ్గర మాత్రం ఆగి చూసుకోండి. అది వారానికి ఒక్కరోజు వేసుకునే మందు. రోజూ వేసుకుని ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు, ఎందుకంటే మిగతా మాత్రలన్నీ రోజూ వేసుకునేవే, దీన్ని కూడా వాటితో కలిపి డబ్బాలో పోసేస్తారు. వారంలో ఏ రోజో పేరు పెట్టి గోడ క్యాలెండరు మీద గుండ్రంగా చుట్టండి. శనివారమో సోమవారమో ఒక్కపొద్దు ఉండే ఇళ్లలో ఆ రోజు పెట్టుకోవద్దు, ఖాళీ కడుపుతో వికారం ఎక్కువైతే జనం మందే మానేస్తారు. దీనికి తోడుగా ఇచ్చే ఫోలిక్ యాసిడ్ ఏ రోజుల్లో వేసుకోవాలో కాల్‌లో మళ్లీ అడిగి రాసుకోండి.

ఆర్‌ఎంపీ దగ్గర వేయించుకున్న సూది, ఎవరో తెచ్చిచ్చిన పొడి, పసరు, నాటు మందు, ఆయుర్వేదం, హోమియో, ఏది వాడినా చెప్పండి. తిడతారని దాచేస్తాం. కానీ ఆ సూదుల్లో, పొడుల్లో చాలాసార్లు స్టెరాయిడ్ ఉంటుంది, అది వేసుకున్న వారం రోజులు వాపులన్నీ మాయమై కెమెరాలో చేతులు చక్కగా కనిపిస్తాయి, డాక్టరు జబ్బు అదుపులో ఉందనుకుని మందు పెంచరు, పది రోజులకి మళ్లీ మొదటికొస్తుంది. వైసోలోన్ లాంటి స్టెరాయిడ్ మాత్రలు నెలల తరబడి వాడుతున్నవాళ్లు వాటిని ఒక్కసారిగా ఆపకూడదు, అందుకే వీడియోలో "స్టెరాయిడ్ ఎంత డోసు, ఎన్నాళ్ల నుంచి" అన్నది మొదటి నిమిషంలోనే చెప్పాలి.

పెళ్లయిన ఆడవాళ్లు పిల్లల కోసం ప్రయత్నిస్తున్నా, నెల తప్పినా అది కూడా చెప్పాల్సిందే. మెథోట్రెక్సేట్, అలాంటిదే ఇంకో మందు లెఫ్లునమైడ్ కడుపులో బిడ్డకి హాని చేస్తాయి, ముందే ప్లాన్ చేసుకుని మార్చాలి. పక్కన అత్తగారు కూర్చున్న వీడియో కాల్‌లో ఈ మాట ఎత్తడం కష్టమని నాకు తెలుసు. "ఒక్క నిమిషం డాక్టరుతో విడిగా మాట్లాడాలి" అని ఫోను పట్టుకుని గదిలోకి వెళ్లిపోవచ్చు, తప్పేం లేదు.

డాక్టరు చేతికి బదులు మీ చేయి

ఇక్కడ కాస్త సమయం పెట్టండి, వీడియో బాగా జరగడం, జరగకపోవడం దీని మీదే ఉంది.

రుమటాయిడ్‌లో డాక్టర్లు సాధారణంగా లెక్కపెట్టేది 28 కీళ్లు: రెండు భుజాలు, రెండు మోచేతులు, రెండు మణికట్లు, రెండు మోకాళ్లు, రెండు చేతుల వేళ్ల మొదట్లో ఉండే కణుపులు పది, మధ్య కణుపులు పది. తెల్ల కాగితం మీద రెండు అరచేతులు పెట్టి పెన్సిల్‌తో చుట్టూ గీయండి, చిన్నపిల్లలు గీస్తారే, అలా. ఒక్కో కణుపుని అటూ ఇటూ బొటనవేలు, చూపుడువేలు మధ్య పెట్టి నొక్కండి, గోరు కొన తెల్లబడేంత ఒత్తిడి చాలు. నొప్పి ఉన్నచోట ఒక గుర్తు, ఉబ్బుగా ఉన్నచోట ఇంకో గుర్తు. నొప్పి మనం బాగానే చెప్పగలం, వాపు విషయంలోనే తడబడతాం, లావుగా ఉన్నదంతా వాపే అనిపిస్తుంది. అందుకే అనుమానం ఉన్న కీళ్లకి ఫోటో తోడుండాలి.

ఈ ఇరవై ఎనిమిదిలో పాదాలు లేవు. చాలామందికి జబ్బు ముందు కనిపించేది పాదాల వేళ్ల మొదట్లోనే, పొద్దున లేచి అడుగు పెడితే గులకరాళ్ల మీద నడిచినట్టు ఉంటుంది అంటారు. డాక్టరు అడగకపోయినా కెమెరాని కిందికి దించి పాదాలు, చీలమండలు చూపించండి.

తర్వాత పిడికిలి. రెండు చేతులూ గట్టిగా పిడికిలి బిగించి, వేళ్ల కొసలు అరచేతిలో పూర్తిగా దాక్కుంటున్నాయా లేదా చూసి ఫోటో తీయండి. ప్రతి నెలా అదే ఫోటో తీస్తే తేడా మీకే తెలుస్తుంది. రెండు చేతులు జోడించి నమస్కారం పెట్టి మోచేతులు పైకి లేపడం, చేతులు తల వెనక్కి పెట్టుకోవడం, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, ఇవన్నీ వీడియోలో డాక్టర్లు చేయమని అడిగేవే, ముందే ఒకసారి చేసి చూసుకోండి.

పొద్దున బిగుసుకుపోవడం ఎంతసేపు ఉంటుందో గడియారం చూసి రాసుకోండి. "కొంచెంసేపు" అంటే డాక్టరుకి ఏమీ తెలియదు. అరగంటలోపు వదిలితే ఒక అర్థం, గంట దాటితే ఇంకో అర్థం. నొప్పి సున్నా నుంచి పది వరకు ఎంత అని అడుగుతారు, మన పెద్దవాళ్లకి ఆ లెక్క పట్టుబడదు, మా అమ్మ ఎప్పుడూ "ఆరు" అనేది, నొప్పి ఉన్నా లేకపోయినా. దానికంటే పనులు రాయడం మేలు: జడ వేసుకోగలుగుతుందా, చీర కుచ్చిళ్లు పెట్టుకోగలుగుతుందా, చపాతీ పిండి కలపగలుగుతుందా, సీసా మూత తిప్పగలుగుతుందా, రాత్రి పక్క మీద తిరగ్గలుగుతుందా. కిందటి నెల చేసి ఈ నెల చేయలేనిది ఏదైనా ఉంటే అదే ముందు చెప్పాల్సిన మాట.

నడుము పట్టేసే ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్ కుర్రాళ్లకి దీనికంటే సులువు. బాస్‌డాయ్ అని ఆరు ప్రశ్నలుంటాయి, అలసట, నడుము నొప్పి, మిగతా కీళ్లు, ముట్టుకుంటే నొప్పి, పొద్దున బిగుతు ఎంత, ఎంతసేపు అని. పదికి నాలుగు, ఆ పైన వస్తే జబ్బు చురుగ్గా ఉన్నట్టు లెక్క. ప్రతిసారీ కాల్‌కి ముందు నింపి పంపేస్తే డాక్టరు పని సగం అయిపోతుంది.

చిన్నపిల్లల్లో వచ్చే కీళ్లవాతం సంగతి కొంచెం వేరు. ఐదేళ్ల పిల్ల నొప్పి అని చెప్పదు, పొద్దున కుంటుతుంది, పదింటికల్లా ఆడుకుంటుంది, సాయంత్రం కాల్‌లో ఏమీ కనిపించదు. లేవగానే నడిచేటప్పుడు వీడియో తీసి దాచండి. ఈ పిల్లలకి కంట్లో వాపు బయటికి ఏ లక్షణమూ లేకుండా రావచ్చు కాబట్టి కంటి డాక్టరు దగ్గర మిషన్ మీద చూపించుకోవడం మానకూడదు. కాల్‌లో పెద్దవాళ్లు పక్కనుండాలన్నది నిబంధన కూడా.

ఫోటోలు, వెలుతురు, ఫోను ఎక్కడ పెట్టాలి

ఫోటోలు పగటిపూట, కిటికీ పక్కన, ఒకే రంగు దుప్పటి మీద రెండు చేతులూ పక్కపక్కన పెట్టి తీయాలి, ఒక చెయ్యే తీస్తే దేనితో పోల్చాలి? పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి. గాజులు, ఉంగరాలు, మెట్టెలు వీలైతే తీసేయండి. పసుపు, పసరు, నొప్పి బామ్, కొబ్బరినూనె ఆ పూటకి రాయొద్దు, ఎరుపు కనపడదు. గోరింటాకు పెట్టుకున్న చేతుల్లో ఏ రంగూ తెలియదు, అట్లతద్దికి ముందే కాల్ పెట్టుకోవడం ఉత్తమం. ఫోనులో అందంగా చూపించే ఫిల్టర్లు ఆపేయండి, అవి దద్దురుని కూడా తుడిచేస్తాయి. వాట్సాప్‌లో పంపేటప్పుడు హెచ్‌డీ నొక్కండి, లేదా డాక్యుమెంటుగా పంపండి.

వచ్చి పోయే లక్షణాలకి ఫోటోయే సాక్ష్యం. చలికి వేళ్లు తెల్లబడి, నీలంగా మారి, మళ్లీ ఎర్రబడటం, ఎండకి బుగ్గల మీద దద్దురు, ఒక్క రాత్రి వాచి తెల్లారేసరికి తగ్గిన మోకాలు, ఇవి అపాయింట్‌మెంట్ రోజు దాకా ఉండవు. కనపడగానే తీసి పెట్టుకోండి. నిజానికి ఈ ఒక్క విషయంలో ఆసుపత్రికి వెళ్లడం కంటే ఫోనే నయం.

కాల్ సమయానికి వెలుతురు మొహం మీద పడేలా కూర్చోండి, కిటికీ వీపు వెనక ఉంటే మనిషి నల్లగా నీడలా కనిపిస్తారు. ఫోనుని బియ్యం డబ్బాకో నీళ్ల బాటిల్‌కో ఆనించి నిలబెట్టి, ఎదురుగా నడవడానికి ఆరేడు అడుగుల జాగా ఉంచండి, వసారా అయితే బాగుంటుంది. మోకాళ్ల దాకా, మోచేతుల దాకా పైకి తీయగలిగే బట్టలు వేసుకోవాలి. సిగ్నలు సరిగా లేకపోతే వీడియో ఆపి మాటతో కొనసాగించమని అడగొచ్చు, ఫోటోలు ముందే పంపి ఉంటే పెద్ద నష్టం లేదు.

కాల్‌లో ఎవరు మాట్లాడాలి

జబ్బు ఉన్న మనిషి మాట్లాడాలి. మన ఇళ్లలో ఫోను కొడుకు చేతిలో ఉంటుంది, అమ్మ వెనక ఎక్కడో కూర్చుంటుంది, డాక్టరు ప్రశ్న అడగ్గానే కొడుకో కోడలో జవాబు చెప్పేస్తారు. తీరా అమ్మని చూపిస్తే ఆవిడ "బానే ఉంది బాబూ" అంటుంది, డాక్టరుకి మర్యాదగా చెప్పాల్సిన మాట అదే అనుకుంటుంది కాబట్టి. "అమ్మా, నిన్న పొద్దున గ్లాసు జారిపోయిందని చెప్పావు కదా, అది చెప్పు" అని అందించండి, అంతవరకే మీ పని. మనిషి ఎదురుగా లేకుండా వేరేవాళ్లు మాట్లాడాలంటే రాతపూర్వక అనుమతో, బంధుత్వం చూపే పత్రమో ఉండాలని, లేదా ఇంతకుముందు ఎదురుగా చూపించుకున్నప్పుడు ఆ మనిషే డాక్టరుకి చెప్పి ఉండాలని నిబంధనల్లో ఉంది, మనిషి పక్కనే ఉంటే ఆ గొడవే లేదు.

ముఖ్యమైన మూడు విషయాలు కాగితం మీద రాసుకుని మొదట్లోనే చదివేయండి. చాలామంది అసలు భయాన్ని చివర్లో, "అన్నట్టు డాక్టర్ గారూ" అంటూ బయట పెడతారు, అప్పటికి అవతల ఇంకో పేషెంటు లైన్లో ఉంటారు. ఏ మందు మారింది, ఎంత మారింది, ఎన్నాళ్లు, మళ్లీ ఏ టెస్టు ఎప్పుడు, ఏం జరిగితే ఆగకుండా ఫోన్ చేయాలి, ఇవి ఐదూ పెట్టేసే ముందు తిరిగి చెప్పి సరేననిపించుకోండి. చీటీ వచ్చాక మందుల షాపువాళ్లు "అదే మందు వేరే కంపెనీది" అని ఇస్తే లోపలి మందు పేరు, మిల్లీగ్రాములు పోల్చుకోండి. మెథోట్రెక్సేట్ 2.5, 5, 7.5, 10, 15 ఇలా రకరకాల మాత్రల్లో దొరుకుతుంది, పాత స్ట్రిప్పులో చిన్నది, కొత్తదాంట్లో పెద్దది ఉంటే లెక్క తారుమారవుతుంది.

హెచ్‌సీక్యూఎస్ (హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్ర) వాడేవాళ్లు కంటి పరీక్ష గురించి అడగాలి, మొదలుపెట్టిన ఏడాదిలోపు ఒకసారి, ఐదేళ్లు దాటాక ఏటా. బయోలాజిక్ ఇంజెక్షన్లు ఇంట్లో వేసుకునేవాళ్లు అవి ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలని, ఫ్రీజర్‌లో పెట్టకూడదని, జ్వరం ఉన్న రోజు డాక్టరుని అడగకుండా వేసుకోకూడదని గుర్తు పెట్టుకోవాలి. సూది ఎలా వేసుకోవాలో మొదటిసారి నర్సు ఎదురుగా నేర్పించాలి, రెండోసారి వీడియోలో చూస్తూ ఉండమని అడగొచ్చు. ఫిజియోథెరపీ కూడా చాలావరకు వీడియోలో బాగానే నడుస్తుంది, ఇంట్లో ఉన్న మంచం, గోడ, తువ్వాలు చూసి వాటితోనే చేయిస్తారు.

స్మార్ట్‌ఫోను లేకపోతే

టెలిమెడిసిన్ మనకి కొత్తది కాదు, 2000 మార్చిలోనే చిత్తూరు జిల్లా అరగొండలో అపోలో వాళ్లు పల్లెటూరి నుంచి శాటిలైట్‌తో మొదలుపెట్టారు. ఇప్పుడు ప్రభుత్వానిది ఈ-సంజీవని ఉంది, డబ్బులు కట్టక్కర్లేదు. ఇందులో డాక్టరు-డాక్టరు పద్ధతి మొదట 2019 నవంబరులో ఆంధ్రాలోనే వచ్చింది. ఊళ్లో హెల్త్ క్లినిక్‌కి, తెలంగాణలో అయితే పల్లె దవాఖానకి వెళ్తే అక్కడి సిబ్బంది తమ కంప్యూటరులో హబ్ అనే పెద్ద కేంద్రంలో ఉన్న డాక్టరుకి కలుపుతారు. అక్కడ రుమటాలజిస్టే దొరకాలని లేదు, ఎక్కువగా జనరల్ డాక్టర్లే. అయినా పాత మందులు కొనసాగించడానికి, బీపీ చూపించడానికి, రిపోర్టు తేడాగా ఉంటే ఏ ఆసుపత్రికి పోవాలో తెలుసుకోవడానికి పనికొస్తుంది. మొదటి నిర్ధారణకి హైదరాబాదు వెళ్లగలిగినవాళ్లు పంజాగుట్ట నిమ్స్‌లో రుమటాలజీ విభాగం ఉందని గుర్తుంచుకోండి.

పిల్లలు విదేశాల్లో ఉంటే

అమ్మానాన్నల కాల్‌లో అమెరికా నుంచి మూడో మనిషిగా కలవచ్చు, మంచిదే, కానీ ఇక్కడ తెలిసినవాళ్లు ఒకరు ఆ ఇంట్లో ఉండి కెమెరా పట్టుకోవాలి. మీకే జబ్బు ఉండి అక్కడి నుంచి హైదరాబాదు డాక్టరుకి చూపించుకుందామంటే అది వేరే లెక్క, మన నిబంధనలు దేశం బయట ఉన్నవాళ్లకి చేసే వైద్యానికి వర్తించవు, ఇక్కడి చీటీ అక్కడి ఫార్మసీలో చెల్లదు. రెండో అభిప్రాయంలా మాట్లాడుకోవడం వరకే, మందులు అక్కడి డాక్టరు రాయాల్సిందే.

అపాయింట్‌మెంట్ సమయం కూడా చూసి తీసుకోండి. పిల్లలకి వీలని రాత్రి తొమ్మిదింటికి పెడితే అప్పటికి అమ్మ కీళ్లు వదులై ఉంటాయి, పిడికిలి సులువుగా పడుతుంది, వాపు తగ్గి కనిపిస్తుంది. దొరికినంతలో పొద్దున మొదటి స్లాటు అడగండి. ఇక్కడ పొద్దున తొమ్మిదంటే కాలిఫోర్నియాలో ముందురోజు రాత్రి ఏడున్నరో ఎనిమిదిన్నరో అవుతుంది, ఆఫీసు అయిపోయి వంట దగ్గర ఉండే టైమే కాబట్టి వాళ్లకీ ఇబ్బంది లేదు.